గొడుగన్న

దళంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ గొడుగన్నే. చిన్న డ్రోన్లకు అందే రేడియో సంకేతాలను చెడగొట్టే జామర్ పెట్టెను మోసేది అతనే. గొడుగు కింద వాన పడనట్టు, దాని చుట్టూ ఉన్నవాళ్ల మీద డ్రోన్ పడదు. ఆ బరువుకి నడుము ఒంగిపోయింది, పట్టీలు ఒరుసుకుని భుజాలు కాయలు కాశాయి. నడుస్తూనే చెయ్యి వెనక్కి పెట్టి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు పెట్టెను తడుముతుంటాడు. వెచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టే.

ఆ ఉదయం బీడు దాటుతుంటే గడ్డి మీద సాలెపోగులాంటి సన్నటి తీగ మెరిసింది. గొడుగన్న అడుగు ఆగింది. తీగ లాక్కుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చాయన్నమాట. వాటికి ఆదేశాలు ఆ తీగలోంచే అందుతాయి, రేడియోతో పనే లేదు, ఈ పెట్టెను అవి పూచికపుల్లలా తీసిపారేస్తాయి. "ఒరేయ్, దూరం దూరంగా నడవండి," అన్నాడు. "నీకు దూరంగా పోయి చావమంటావా అన్నా?" అని వెనకవాడు నవ్వాడు. అంతలో పైన జోరీగ రొద వినిపించింది. చెదిరిపోతే కొందరైనా మిగిలేవాళ్లు. అందరూ పరుగున వచ్చి అతని చుట్టూ మూగారు. "పొండ్రా! ఇది దానికి ఆగదురా!" అని గొంతు చించుకున్నాడు. ఒక్కడూ కదల్లేదు. ఒకడు పెట్టె పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. రొద దగ్గరైంది. గొడుగన్న చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్లింది. పెట్టె వెచ్చగానే ఉంది.