పిన్నికి నచ్చని సముద్రం

సరంగు పిన్నికి నచ్చిన సముద్రం ఇంతవరకూ ఎక్కడా పుట్టలేదు. సముద్రం మధ్యలో నిలబెట్టిన గాలిమరల దగ్గరికి మరమ్మతు మనుషుల్ని చేరవేసే పడవ ఆవిడది. రేవులో అందరికీ పిన్నే. పొద్దున్నే పడవెక్కేవాళ్ళను ఎగాదిగా చూసి, నీళ్ళకేసి మూతి తిప్పేది.

"ఇవాళ సముద్రం బాగోలేదు. దిగండి."

గాలిమరల కంపెనీకి వచ్చిన కొత్త మేనేజరుకి ఒళ్ళు మండేది. అసలే అతను కాలుగాలిన పిల్లి.

"అద్దంలా ఉంది కదండీ!"

"అద్దానికేం, పగలదా?"

"దేశదేశాలవాళ్ళు సముద్రాల నిండా మరలు నాటేస్తున్నారు. లోతు నీళ్ళలో తేలే మరలు కూడా వచ్చేశాయి. మనమేమో ఉన్నవాటికి నట్లు బిగించడానికే నోచుకోలేదు!"

"తేలనీ నాయనా. మునక్కుండా ఉంటే చాలు."

ఓసారి నురగ రంగు నచ్చలేదంది. ఇంకోసారి నీటికాకులు మొహం మాడ్చుకున్నాయంది. మేనేజరు వేరే సరంగుని వెతకడం మొదలుపెట్టాడు.

అంతలో పెట్టుబడిదారులు వస్తున్నామన్నారు. వాళ్ళకి నచ్చితేనే ఇంకో వరస మరలు. సరిగ్గా అప్పుడే ఒక మర మొరాయించింది. తానే దగ్గరుండి బాగుచేయిస్తానని మేనేజరు బయల్దేరాడు. ఆ పొద్దున వాళ్ళ నాన్నకి ఆపరేషను. ఎవరికీ చెప్పలేదు. జేబులో ఫోను తడుముకుంటూ, పడిపోకుండా కట్టుకునే నడుం పట్టీని తలకిందులుగా బిగించుకుని పడవెక్కాడు.

"సముద్రం బాగోలేదు," అంది పిన్ని, నీళ్ళకేసి చూడకుండానే.

"అసలు చూశారా మీరు?" మేనేజరు గొంతు చించుకున్నాడు.

పిన్ని ఇంజను ఆపేసింది. మెకానిక్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"సార్, నీటికాకులు మొహం మాడ్చుకున్న రోజు మా పాపకి జ్వరం. రాత్రంతా నాకు కునుకు లేదు. నిచ్చెన ఎక్కితే పడిపోయేవాణ్ణే. నురగ నచ్చని రోజు ఇదిగో, నా పక్కనున్న ఈ హెల్పరుకి ఇంట్లో గొడవ. మనిషి బాగోలేదంటే మీరు జీతం కోస్తారు. సముద్రానికి కొయ్యలేరుగా!"

మేనేజరు బల్ల మీద కూలబడ్డాడు. "మా నాన్నకి ఆపరేషను జరుగుతోంది," అన్నాడు.

"మరి ఇక్కడేం చేస్తున్నావు నాయనా?" పిన్ని గదమాయించింది. "ముందు ఆసుపత్రికి పరుగెత్తు!"

ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు మేనేజరు కంటినిండా నిద్రపోయి తేటపడిన మొహంతో వచ్చాడు. అలలు నిజంగానే లేచాయి. పిన్ని అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఎక్కు," అంది. ఈల వేస్తూ పడవ తీసింది.

అతిథులు వచ్చేసరికి మర తిరుగుతోంది. మేనేజరు మాత్రం తిన్నదంతా సముద్రానికి సమర్పించుకుని, పడవ అంచుకి వేలాడుతూ నవ్వుతూనే ఉన్నాడు.