రాజకుమారి వస్తోందని

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆటలు ముగిసిన మరుసటి ఎండాకాలం. ఖతర్‌లో దోహా శివారు ముఐథర్ అవతల ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంప్‌లో నేను మేల్ నర్సుని. కూలీలందరికీ ‘బ్రదర్’ని. మాది తుని. ఇన్నేళ్ళలో ఎందరికో సెలైన్లు ఎక్కించాను, కుట్లు వేశాను. చాలామంది ముఖాలు కూడా గుర్తులేవు. మల్లేష్‌ని మాత్రం మరిచిపోవడం నా వల్ల కాలేదు.

మల్లేష్‌ది నిర్మల్ దగ్గర పల్లె. ఇనుప కడ్డీలు కట్టే పని. వారం నుంచి నీరసం, వాంతులు. “బ్రదర్, మూత్రం డికాషన్ లెక్క అస్తున్నది. డ్యూటీకి పోకుంటే ఫోర్‌మన్ ఆబ్సెంట్ ఏస్తుండు,” అన్నాడు. రక్తం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కువ వచ్చింది. కిడ్నీలు వడకట్టాల్సిన చెత్త రక్తంలోనే ఉండిపోతే ఆ అంకె పెరుగుతుంది. రెండు రోజులాగి మళ్ళీ చూసి, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. గురువారం పొద్దున ఏడింటికి రమ్మని చీటీ రాసిచ్చాను.

అదే గురువారం ఒక యూనివర్సిటీ తరఫున కిడ్నీ డాక్టరొకావిడ మా క్యాంప్‌కి రావాలి. ఎండకు కిడ్నీలు దెబ్బతిన్న కూలీలను చూడటమే ఆవిడ పని. ఉత్తరంలో డాక్టర్ ఎలిన్ అని మాత్రమే ఉంది. మా ఆఫీసులో ఎవరో ఫోన్‌లో ఆ పేరు వెతికారు. ఆవిడ యూరప్‌లో ఒక చిన్న దేశపు రాజుగారి మనవరాలట. ఇక చూడాలి మా వాళ్ళ హడావిడి. క్లినిక్‌కి కొత్త రంగు, గుమ్మానికి పూలు, గేటు నుంచి ఎర్ర తివాచీ.

బుధవారం మధ్యాహ్నం క్యాంప్ ఇన్‌ఛార్జి ప్రసాద్ గారు నా గదికి వచ్చారు. ఆయనది భీమవరం.

“సిక్ లిస్టులో ఆరుగురున్నారు కదా. రేపొక్కరోజు ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గర మన పాత క్యాంప్‌కి పంపించేద్దాం. రిజిస్టర్ కూడా శుభ్రంగా తిరగరాసెయ్.”

“ఆవిడ వచ్చేదే రోగుల్ని చూడ్డానికి కదండీ.”

“పెళ్ళిచూపులకొచ్చినోళ్ళకి పెరట్లో పెంటకుప్ప చూపిస్తామేంటయ్యా?”

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. వీసా కంపెనీ చేతిలో ఉంది, ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. కూర్చుని నెల రిజిస్టరంతా కొత్త పుస్తకంలో రాశాను. ఆరు పేర్లు వదిలేశాను.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు మల్లేష్ నా చీటీ చూపించాడు. “రేపు డాక్టరమ్మ అస్తదంటిరి గద బ్రదర్. నాకు సూపియ్యరా?”

“ఎల్లుండి తీసుకొస్తార్లే. యల్లా, ఎక్కు,” అన్నాను.

డాక్టర్ ఎలిన్ మామూలు ప్యాంటు చొక్కాలో వచ్చింది. తివాచీ పక్కనుంచి నడిచి నేరుగా క్లినిక్‌లోకొచ్చి, “ఈ రోజు జబ్బుగా ఉన్నవాళ్ళెంతమంది?” అనడిగింది.

“ఎవరూ లేరు మేడమ్.”

“ఎనిమిది వందల మందిలో?”

ప్రసాద్ గారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నాతో పనుందని చెప్పి అందరినీ బయటికి పంపి, రిజిస్టర్ తిరగేసింది. “నెలంతా ఒకే పెన్నుతో రాశారే,” అంది.

“చిన్నప్పుడు మా తాతగారితో ఆసుపత్రులు చూడ్డానికి తీసుకెళ్ళేవాళ్ళు. ఎక్కడికెళ్ళినా పచ్చి రంగు వాసనే. రోగులు కూడా తల దువ్వుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకేం జబ్బో తెలుసుకోవాలనే డాక్టర్ చదివాను. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు.” గోడ మీద వేలు పెట్టి చూసింది. “ఇది ఎప్పుడు వేశారు?”

“నిన్న మేడమ్.”

“ఎవరిని దాచారు?”

అప్పుడు చెప్పాను. ఆవిడ సంచీ అందుకుని కారు వైపు నడిచింది, నన్నూ రమ్మంది. షమాల్ గంట పైన ప్రయాణం. దారిలో పాత క్యాంప్ వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే, “అందరూ పడుకుని ఉన్నారు, ఫికర్ నక్కో,” అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కొంచెం కుదుటపడ్డాను కూడా.

మిగతా అయిదుగురూ పడుకునే ఉన్నారు. మల్లేష్ పడుకుని లేడు, పడిపోయి ఉన్నాడు. గదిలో ఏసీ పనిచెయ్యడం లేదు. మంచం కింద పొట్లం విప్పని కుబూస్ రొట్టె. నాడి ఆగి ఆగి కొడుతోంది, చూస్తుండగానే ఆగిపోయింది. కిడ్నీలు పనిచెయ్యకపోతే పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండెను ఆపేస్తుంది. ఆవిడ నేల మీద మోకాళ్ళేసి అతని ఛాతీ మీద నొక్కుతూనే ఉంది. అలిసిపోతే నేను, నేనలిసిపోతే ఆవిడ. అంబులెన్స్ వాళ్ళు వచ్చి కూడా చాలాసేపు ప్రయత్నించి వదిలేశారు.

“ఇతని రక్తపరీక్ష ఎప్పుడు?” అనడిగింది.

“ఈ రోజు ఏడింటికి మేడమ్.”

“నేను రాకపోయుంటే చేసేవారు.”

“చేసేవాణ్ణి.”

చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకి జారబడింది. “నేను డాక్టర్‌గానే వచ్చాను బ్రదర్. మీరు రానివ్వలేదు,” అంది. అప్పటికి ఏడవలేదు. కారెక్కాక ఏడ్చింది.

జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోయింది. ఇప్పుడు దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో చేస్తున్నాను. మల్లేష్ భార్యతో నేనే ఫోన్‌లో మాట్లాడాను. గల్ఫ్‌లో ఏ దేశమైనా వాళ్ళకి దుబాయే. “దుబాయ్‌ల రాజకుమారి చేతులల్లనే పోయిండంటున్నరు. అంత పెద్ద డాక్టరమ్మ ఉండంగ ఎట్ల పోయిండు సారూ?” అనడిగింది.

“ఆవిడ వస్తోందనే పంపించేశామమ్మా. బస్సెక్కించింది నేనే,” అన్నాను. తిడుతుందనుకున్నాను. “ఎక్కేటప్పుడు ఏమన్న తిన్నడా?” అంది.

అప్పటినుంచి నాదొక పద్ధతి. క్లినిక్‌కి పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారని తెలిస్తే, అందరికంటే జబ్బుగా ఉన్నవాణ్ణి తలుపు పక్క మంచం మీద పడుకోబెడతాను. వచ్చినవాళ్ళు అతన్ని దాటుకునే లోపలికి రావాలి.