పసుపు కడిగిన రాయి

నా చిన్నప్పుడు మా చిన్నాయనకు చేవెళ్లలో, బీజాపూర్ రోడ్డు మీద, చిన్న ఫోటో స్టూడియో ఉండేది. చిన్నాయన అంటే మా బాపుకు తమ్ముడు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలతో ఆయన రోజులు గడిచేవి గానీ ప్రాణమంతా రాళ్ళ మీదే. ఆదివారం వచ్చిందంటే నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని మొయినాబాద్ దాకా గుట్టలూ వాగులూ, పాడుబడ్డ బురుజులూ, పొలాల మధ్య ఎవరికీ పట్టకుండా నిలబడ్డ చెక్కుడు రాళ్ళూ వెతుక్కుంటూ తిరిగేవాడు. రాళ్ళకు ఫోటోలు తీసేవాడికి పిల్లనెవరిస్తారని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అవి మాదాపూర్ వైపు కంప్యూటర్ కంపెనీలు లేస్తున్న రోజులు. అక్కడ ఒక అద్దాల మేడ లేస్తే ఇక్కడ మా రోడ్డు పక్కన నాలుగు వెంచర్ల బోర్డులు లేచేవి. ముడిమ్యాల దగ్గరున్న మా పొలం కూడా అలాగే పోయింది. బాపు, చిన్నాయన ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే దాని చుట్టూ నిలువెత్తు గోడ, గోడ మీద గాజు పెంకులు, ముందర ఇనుప గేటు వచ్చాయి. నేను రోజూ దాటి వెళ్ళే గట్టును ఇప్పుడు గేటు సందుల్లోంచి చూడాల్సి వచ్చేది. నాకది మింగుడు పడలేదు.

ఆ పొలంలో మా పోతరాజు ఉన్నాడు. నా నడుమెత్తు రాయి, సగం భూమిలోనే. ఏటా తొలి దుక్కి రోజు తెల్లవారుతూనే మా అవ్వ, అంటే మా నాయనమ్మ, ఆ రాయిని కడిగి, నూనె రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేది. తర్వాతే నాగలి కదిలేది. పసుపు మీద పసుపు పడి ఆ రాయి నున్నగా, ముద్దగా ఉండేది.

వెంచర్ వాళ్ళు రోడ్డు వేయడానికి సోమవారం ఆ రాయిని జేసీబీతో లేపేస్తారని శనివారం తెలిసింది. అవ్వ మోకాళ్ళు పట్టేసి మంచంలో ఉంది. లేచి వచ్చినా లోపలికి రానిచ్చేవాళ్ళు కారు. చిన్నాయనకు మాత్రం దారి దొరికింది. ఆ వెంచర్ కాగితాల మీద వేయడానికి గేటూ రోడ్లూ ఫోటోలు తీసే పని ఆయనకే వచ్చింది. అమ్ముకున్న పొలాన్ని ఇంకొకరికి అమ్మేందుకు తనే ఫోటోలు తీయాలి. ఆదివారం నన్ను కూడా స్కూటర్ ఎక్కించుకున్నాడు. బయల్దేరుతుంటే అవ్వ నా చేతిలో చిన్న మూట పెట్టింది. అందులో పసుపు, కుంకుమ, నూనె సీసా, కొబ్బరికాయ. పోతరాజు ఫోటో ఒకటి తెమ్మని కొడుకును అడిగింది. ఆమె ఏదైనా అడగడం నేను అంతకు ముందు వినలేదు.

చిన్నాయన రీలంతా గేటుకూ రోడ్లకూ ప్లాట్ల నంబర్ల రాళ్ళకూ ఖర్చుపెట్టి, చివరి రెండు బొమ్మలు పోతరాజుకు మిగిల్చాడు. ఆయన అవతలి మూలన ఉండగా నేను చేసిన నిర్వాకం ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. స్టూడియోలో అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా ఉండేవి. పౌడర్ రాసుకోకుండా చేవెళ్లలో ఎవరూ ఫోటో దిగరు. పోతరాజు మాత్రం తక్కువా అనుకున్నాను. నూనె సీసా మొత్తం వంపి, పసుపంతా మెత్తి, నడుమ రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాను.

చిన్నాయన వచ్చి చూశాడు.

"ఏం బిడ్డా, రాయికి పెండ్లి చేస్తున్నవా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. దాని మీద ఏదో చెక్కి ఉందని ఎన్నాళ్ళుగానో ఆయన అనుమానం. ఇప్పుడు ఫోటో తీస్తే పచ్చటి ముద్ద తప్ప ఏమీ రాదని మెల్లగా చెప్పాడు. రేపు రాయి ఉండదు. తప్పు దిద్దుకోవడానికి ఇంకో ఆదివారం లేదు.

కడగడానికి నీళ్ళడుగుదామని గేటు దగ్గరికి వెళ్తే బయట తాళం వేసి ఉంది. మేము లోపల ఉన్న సంగతి మరిచి కావలిమనిషి ఎటో వెళ్ళిపోయాడు. చిన్నాయన గేటు కొట్టాడు, పిలిచాడు. నేను గోడ వెంట ఒక చుట్టు పూర్తిగా పరుగెత్తాను, ఎక్కడైనా సందు ఉంటుందేమోనని. అది నేను పుట్టినప్పటి నుంచి ఆడుకున్న నేల. దాని నుంచి బయటికి దారి లేదు. గోడ అవతల బస్సు హారన్ వినబడుతోంది, ఎవరో బర్రెలను అదిలిస్తున్నారు, మాకు మాత్రం ఎవరూ పలకరు. అరుస్తూ ఏడ్చాను.

"అరవకు బిడ్డా. మనం దస్కత్ పెట్టిన గోడనే ఇది. మనమే లోపల వడ్డం" అన్నాడు.

ఆ మాట నా కోసం అన్నది కాదని అప్పుడే అనిపించింది.

గోడ తడపడానికి పెట్టిన డ్రమ్ములో సగం నీళ్ళున్నాయి. ఇద్దరం ఎండు గడ్డితో, మెత్తటి మట్టితో రాయిని తోమడం మొదలుపెట్టాం. గట్టిగా రుద్దవద్దనీ, అరచేతి ఒత్తిడి చాలనీ ఆయన చూపించాడు. నా పసుపు పోయింది. దాని కింద అవ్వ పసుపు, దాని కింద నేనెరగని ముసలమ్మల పసుపు వచ్చింది. రెండు గంటలు కడిగితే నల్లరాయి బయటపడింది. దాని మీద ఏమీ లేదు. ఇంత తోమినందుకు నాకు కోపమొచ్చింది. ఫోటో తీసేసి పోదాం అన్నాను, పోవడానికి దారి లేదన్న సంగతి మరిచి. పెరుక్కుని ఇంటికి తీసుకుపోదామని కూడా అన్నాను. కదిలిస్తే కదిలేదైతే నిన్ననే తెచ్చేవాణ్ణని ఆయన అన్నాడు.

తర్వాత ఆయన రాయికి ఎదురుగా కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రాయి ముఖం దక్షిణానికి, కొంచెం పడమటికి తిరిగి ఉంది. మనవాళ్ళెప్పుడూ పొద్దున్నే వస్తారు, అప్పుడది నీడలో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు లోతులేవీ కనబడవు. పొద్దు వాలి వెలుగు పక్కనుంచి గీసుకుంటూ పోతేనే అరిగిన గీత లేస్తుంది. ఇంత చెప్పి కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాడు. దాహం వేసింది, ఆకలేసింది. కొబ్బరికాయ పోతరాజు ముందే కొట్టి ఇద్దరం తిన్నాం. అమ్మ వెతుకుతూ ఉంటుందని ఏడుపు వచ్చినప్పుడల్లా నేను గేటు వైపు చూసేదాన్ని, ఆయన రాయి వైపు చూసేవాడు.

ఐదు దాటాక మొదట ఒక కాలు కనబడింది. తర్వాత ఎత్తిన చెయ్యి, అందులో పొట్టి కత్తి. కొప్పు ముడి, పక్కకు తిరిగిన ముఖం, తెరిచిన కన్ను. కాళ్ళ దగ్గర మూడు ఆవులు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. నేను భయపడి చిన్నాయన చెయ్యి పట్టుకున్నాను. రాతిలో ఉన్నది పోతరాజు కాదు, మనిషి. ఆవుల మందను తోలుకుపోయే దొంగలకు అడ్డం నిలిచి చచ్చిపోయిన ఏ రైతో అయి ఉంటాడని చిన్నాయన గొంతు తగ్గించి చెప్పాడు. రెండు బొమ్మలూ తీశాడు. పది నిమిషాల్లో గోడ నీడ పాకి వచ్చి ఆ ముఖాన్ని మింగేసింది. కావలిమనిషి సైకిల్ చప్పుడు ఆ తర్వాత ఎప్పటికో వినబడింది.

సోమవారం రాయిని లేపేశారు. ఎటు తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు. ఫోటో కడిగి తెచ్చేసరికి గురువారమైంది. మా బాపు చేతిలోకి తీసుకుని ఆవులనే చాలాసేపు చూశాడు, ఆ పూట అన్నం దగ్గర కూర్చోలేదు. మా ఎడ్లను అమ్మి అప్పటికి నెల కూడా కాలేదు.

అవ్వ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలితో ఆ ముఖాన్ని తడిమింది.

"నలభై ఏండ్లు పసుపు పూసిన. మొఖం ఉన్నదని ఎరుగ. పాపం, ఎవల కొడుకో" అన్నది.

ఇప్పుడు నేను మోకిలలో ఒక గేటు లోపలే ఉంటున్నాను. ఇల్లు, ఉద్యోగం, మనుషులు అన్నీ కలిసి తాళం వేసినట్టు అనిపించే రోజులు నాకూ వస్తాయి. పక్కనున్న మనిషి వట్టి బండరాయి అనిపించే రోజులూ వస్తాయి. అప్పుడు నేను లేచి గేటు దగ్గరికి పరుగెత్తను. ఆ మనిషికి ఎదురుగా కూర్చుంటాను, పొద్దు వాలేదాకా. అన్నిసార్లూ ముఖం కనబడదు. కానీ ముఖం కోసం చూడకుండా, పైపైన పసుపు పూసి మాత్రం నేను ఎవరినీ వదిలేయలేదు.