నేను మందు రాసిన పుండు

అక్టోబరు మొదటి వారంలో లడఖ్‌లోని ఆ ఆర్మీ పోస్టుకు చేరాం. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాతి గోడల బంకర్, వెచ్చదనానికి ఒక కిరోసిన్ బుఖారీ పొయ్యి, పదకొండు మందిమి. మంచు పడ్డాక మార్చి దాకా దారి ఉండదు. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. మాది చొప్పదండి. రేడియో ఆపరేటర్‌ది ఉట్నూర్ పక్కన పల్లె. తెలుగువాళ్లం మేమిద్దరమే.

నవంబరులో ఒక ఉదయం ఆరున్నరకు, రేడియో సెట్ మీద రిపోర్ట్ ఇచ్చాక, అతను వచ్చి బనియను పైకెత్తాడు. ఎడమ చనుమొన ఎర్రబడి చెక్కు కట్టింది. బనియను మీద చిన్న రక్తపు మరక.

"అన్నా, జర గిది చూడు. ఒకటే దురద."

"సెట్ బెల్టు ఒరుసుకున్నది తమ్మీ. ఫికర్ చెయ్యకు," అని ఆయింట్‌మెంట్ రాశాను.

జనవరిలో మైనస్ ఇరవై రెండు. పుండు మానలేదు. మందు మార్చాను. ఫిబ్రవరిలో దాని కింద రేగ్గింజంత గడ్డ వేలికి తగిలింది. బేస్ డాక్టరుకు చెబుదామన్నాను. చెప్పాలంటే రేడియోలోనే.

"వద్దన్నా. మొగోనికి రొమ్ముల గడ్డ అంటే లైన్ మీద అందరు నవ్వుతరు. దారి తెరుచుకోనీ."

చెబితే హెలికాప్టర్ వచ్చేది. నేను చెప్పలేదు. నవ్వుతారనే నాకూ అనిపించింది.

మార్చి చివర కిందికి దిగాం. ఆర్మీ ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షించారు. చనుమొన మీద పుండులా బయటపడే అరుదైన రొమ్ము క్యాన్సర్. మగవాళ్లలో మరీ అరుదు. డాక్టరు నన్ను ఒక్కటే అడిగాడు.

"నాలుగు నెలలు ఆయింట్‌మెంటా?"

"అవును సార్."

రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలు తీశారు. ఆరుసార్లు కీమో ఎక్కించారు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో ఎక్కించుకునే మిగతా అందరూ ఆడవాళ్లే. అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మరుసటి ఏడాది నేను రిటైరై ఇంటికొచ్చాను. అప్పటికి జబ్బు అతని ఊపిరితిత్తులకు పాకింది. ఉట్నూర్ దాకా బస్సులో, అక్కణ్నుంచి జీపులో వెళ్లాను. మంచంలో సగమై ఉన్నాడు.

"గప్పుడే నేను చెప్పాల్సి ఉండె తమ్మీ," అన్నాను.

అతను లోపలున్న తల్లికి వినపడకుండా అన్నాడు: "తుపాకి గోలీ తగిలిందని చెప్పిన అవ్వకు. నువ్వు గూడ గట్లనే చెప్పు."

ఆమె వేడినీళ్లు, గుడ్డ తెచ్చింది. కొడుకును లేపి కూర్చోబెట్టి ఛాతీ మీది కుట్ల గీతను తుడిచింది. వీపు తుడుస్తూ ఆగిపోయింది. అరచేత్తో వీపంతా తడిమి నావైపు చూసింది.

"గోలీ ముంగటికెల్లి పోయింది గద బిడ్డా. మరి ఎటుకెల్లి ఎల్లింది? నాకు దొరుకుతలేదు."

"ఎల్లలే అవ్వా," అన్నాను. "లోపల్నే ఉన్నది."

తొమ్మిది రోజులకు అతను పోయాడు. ఆమె చెయ్యి మాత్రం నా కళ్లముందు ఆ వీపు మీద ఇంకా వెతుకుతూనే ఉంది.