గోదాములో మూసేసిన బావి

నూజివీడులో మా పెదనాన్నగారి పాత మామిడి గోదామును కమ్యూనిటీ సెంటర్‌గా మారుస్తున్నారు. గోడలు పడగొట్టకుండా సున్నంతోనే బాగుచేస్తున్నారని విని, నిన్న చూడ్డానికి వెళ్లాను. గుమ్మంలోనే తడి సున్నం వాసన తగిలింది.

మన వీధి పిల్లలందరికీ గుర్తుందా? వేసవిలో అక్కడ వరిగడ్డి మీద కూర్చుని రసాలు తినేవాళ్లం. వెనక గదిలో బండల సందులోంచి టెంకలు జారవిడిచి, కింద నీళ్ల చప్పుడు కోసం చెవులొగ్గేవాళ్లం. ఒకరోజు పెదనాన్న చూసి కేకలేశారు.

"కింద బావి ఉందర్రా! ఇంకెప్పుడూ ఈ గదిలోకి రాకండి."

ఆ వారమే బండల మీద సిమెంటు పోయించేశారు.

నిన్న ఇంజనీరమ్మాయి అదే గది చూపించి, "ఇది పిల్లల లైబ్రరీ అండీ. పాత నేలను అలాగే ఉంచేశాం" అంది.

నేను బావి సంగతి చెప్పాను. "ప్లాన్‌లో లేదండీ" అంటూనే ఆమె మేస్త్రీని పిలిచింది. అతను గునపంతో నేలను తడుతూ వెళ్లాడు. కిటికీ దగ్గర చప్పుడు డొల్లగా మారింది. మరో దెబ్బకు సిమెంటు పెచ్చులూడి, కింద నల్లటి ఖాళీ కనిపించింది.

ఆమె అందర్నీ బయటికి పంపి తలుపుకు తాళం వేయించింది.

"ఎల్లుండి ప్రారంభానికి పిల్లలందర్నీ ఇక్కడే కూర్చోబెడదామనుకున్నామండీ" అంది.