కడిగి తెచ్చిన కొబ్బరి పిందెలు

2023 వేసవి. మాదాపూర్‌లో అద్దాల భవనాల వెనక సందులో ఉంటుంది మా ల్యాబ్. మొక్కల నుంచి స్వాబ్‌తో, అంటే దూది పుల్లతో, రుద్ది తీసిన నమూనాలో డీఎన్ఏ చదివి, అక్కడ ఏయే బ్యాక్టీరియా, ఏయే బూజులు కాపురం ఉన్నాయో చెప్పడం నా పని. మాకు పార్సిళ్లే వస్తాయి, మనుషులు రారు. రూతమ్మగారు మాత్రం స్వయంగా వచ్చారు.

మియాపూర్‌లో ఉంటూ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నారామె. కోనసీమలో ఆమెకూ తమ్ముడికీ కలిపి కొబ్బరి తోట ఉంది. పిందెల తొడిమ దగ్గరుండే ముచ్చికల కింద కంటికి ఆనని నల్లి పురుగు చేరి పిందెలు రాలిపోతున్నాయి. చెట్లు కొట్టించి రొయ్యల చెరువు తవ్విద్దామని తమ్ముడు పట్టుబట్టాడు.

"చెట్లు బాగుపడతాయని మీరొక్క మాట రాసిస్తే వాణ్ణి ఆపుతానండి," అన్నారు.

ఆమె ఇచ్చి వెళ్లిన పిందెల ఫలితం చూస్తే నాకు అనుమానం వచ్చింది. తోటలో పెరిగిన పిందె మీద ఏదో ఒకటి ఉండి తీరాలి, వీటిలో బ్యాక్టీరియా లేదు, బూజు లేదు. ఫోన్ చేశాను.

"అమ్మా, వీటిని ఏమన్న చేసిన్రా?"

"ముచ్చికలు తీసి స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి తెచ్చానండి. మురికిగా ఇస్తే బాగోదు కదా."

నాకు నవ్వు రాలేదు. గాయం కడగనిదే కట్టు కట్టని చేతులవి. తోటలోనూ మచ్చ కనిపించినప్పుడల్లా బూజును చంపే మందు కొట్టించారట. నల్లిని చంపే బూజు కూడా ఒకటుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"ఈసారి కడగకుండ తెండి. మందు పడని చెట్టుంటే జర దానివి తెండి," అన్నాను.

మళ్లీ వచ్చినప్పుడు సంచీలో పిందెలతోపాటు చీమలు కూడా ఉన్నాయి. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"మందు అందనంత పొడుగు చెట్టు ఒక్కటేనండి. రోడ్డు పక్కనుందని మావాడు దాన్నే ముందు కొట్టించేశాడు. పడ్డాక కోసుకొచ్చాను."

ఆ పిందెల్లో మేలు చేసే బూజు దండిగా ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే చచ్చిన నల్లుల మీద అల్లుకుని కనిపించింది. చెట్లు బాగుపడతాయని నేను రాయలేదు, అంత మాట నా చేతిలో లేదు. మందు ఆపి, ఈ బూజును మిగతా చెట్లకు చేర్చి చూడవచ్చని రాశాను.

ఆమె రెండుసార్లు చదివారు. "అయితే ఇన్నాళ్లూ చంపుకున్నది మేమేనా అండి?"

"మీకు తెల్వదు కదమ్మా," అన్నాను.

ఆమె అక్కడే తమ్ముడికి ఫోన్ చేశారు. "రంపం ఆపించరా. మిగిలిన చెట్లు నా వాటా అనుకో. కొట్టేసిన వైపు నీది, చెరువు అక్కడ తవ్వుకో."

ఇప్పుడు ఏ తోట నుంచి పార్సిల్ వచ్చినా చెడిన చెట్టు సంగతి తరవాత. ఎవరూ చెయ్యి పెట్టని చెట్టు ఏదని ముందు ఫోన్ చేసి అడుగుతాను. దాన్ని నరకొద్దని చెప్పాకే పార్సిల్ తెరుస్తాను.