చేతులు తీసి చూడు

మంగళారం పొద్దుగాల దుకాణం షట్టర్ సగం ఎత్తిన్నో లేదో, అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండే," అన్నది. అంతే, ఇంకో ముచ్చట లేదు. షట్టర్ మల్ల దించి తాళం ఏసిన. ఏసినంక రెండుసార్లు గుంజి చూసిన. గట్ల గుంజి చూసుడు మామ అలవాటు, నాకు కూడా అంటుకుంది.

మామ అంటే మా అమ్మకు తోడబుట్టినోడు. దెగ్లూర్ నుంచి నాందేడ్‌కు అచ్చి, జిందగీ అంతా ఒకటే గల్లీల రిపేర్ దుకాణం నడిపిండు. మొదలు రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు, గటెన్క టీవీ రిమోట్లు. ఒక్కొక్కటి మూలకు పడ్డది గని మామ పడలే. ఆఖరికి గేమ్ కంట్రోలర్లు పట్టిండు. ఈడ కోచింగ్ క్లాసులకు అచ్చే పిల్లలు హాస్టళ్లల్ల చదువుతరో లేదో దేవునికెర్క, ఆడుడు మాత్రం మస్తు ఆడుతరు. మామకు ఒక్క గేమ్ పేరు తెల్వదు. "అండ్ల ఎవడు ఎవన్ని కాలుస్తడో మనకెందుకే కోడలా? చుక్క దాని జాగల అది ఉండాలె, అంతే," అంటుండె. మేనకోడల్ని గదా, నన్ను ఎప్పుడూ కోడలా అనే పిలుస్తుండె.

చుక్క అంటే ఏందో చెప్తా. కంట్రోలర్ మీద బొటనవేళ్లతోని తిప్పే చిన్న స్టిక్కులు రెండుంటయి. అవి అరిగినంక, ఎవ్వలు ముట్టకున్నా తిప్పినట్టే అయితది. ఆటల మనిషి తనంతల తానే పక్కకు నడుస్తడు. దాన్ని డ్రిఫ్ట్ అంటరు. కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే తెర మీద రెండు గుండ్రాలు అస్తయి, ఒక్కో గుండ్రంల ఒక్కో చుక్క. స్టిక్కు మంచిగుంటే, చెయ్యి తీసినంక చుక్క నడిమిట్లకు అచ్చి నిలవాలె.

దీన్ని అందరు చూస్తరు. మామ చూసే తీరే వేరు. కంట్రోలర్‌ను మడత పెట్టిన దస్తీ మీద పెడ్తుండె. స్టిక్కులు నాలుగు దిక్కులా తిప్పి ఇడిచిపెట్టి, రెండు చేతులు చంకలల్ల పెట్టుకుంటుండె. చాయ్ చెప్తుండె. చాయ్ అచ్చి, చల్లారి, తాగుడయ్యేదాంక చేతులు బయటికి తియ్యకపోతుండె, గ్లాసు పట్టుకునే చెయ్యి తప్ప. "వేడెక్కినంకనే బయటపడ్తది దీని రోగం," అంటుండె. గిరాకీకచ్చిన పోరగాళ్లు గడబిడ చేస్తరు గదా, "కాకా, కితీ వేళ్?" అని, ఎంతసేపు అని, మరాఠీల అడుగుతరు. "చహా సంపేపర్యంత్," అంటుండె మామ. చాయ్ అయ్యేదాంక. ఇగ ఎవలేం జేస్తరు?

నేను పనిచేసే బట్టల దుకాణం మూతపడితే మామే పిలిచి కూసోబెట్టుకున్నడు. పని తొందరగనే అబ్బింది. తొందరగ అబ్బుడే నా రోగం. ఒకనాడు మామ తిననీకి ఇంటికి పోయినప్పుడు దెగ్లూర్ పిలగాడు ఒకడు అచ్చిండు. మామ బాగుచేసి, ఇంకా చుక్క చూడకుండ పెట్టిన కంట్రోలర్ తీస్కపోవాలె, బస్సు టైమ్ అయితుందని ఒకటే లొల్లి. తగిలించి చూస్తే ఎడమ చుక్క ఇంతంత జరుగుతుంది. నాకు ఒక తెలివి తట్టింది. చుక్క కొంచెం జరిగినా పట్టించుకోకు అని కంప్యూటర్‌కు చెప్పే సెట్టింగ్ ఒకటుంటది. అది పెంచిన. చుక్క మొలేసినట్టు నిలిచింది. "చూడు, ఫస్ట్ క్లాస్," అని ఆ పిలగానికి చూపించి పంపిచ్చిన.

మామ అచ్చినంక ఎంతో గొప్పగ చెప్పిన. మామ తిట్టలే. "ఆ సెట్టింగ్ ఏడుంది?" అన్నడు. "మన కంప్యూటర్ల," అన్న. "మరి కంట్రోలర్ ఏడికి పోతుంది?" అన్నడు. ఆ పిలగాని ఇంట్ల చుక్క మల్ల జరుగుతదని అప్పుడు సమజైంది నాకు. మామ చెప్పులేసుకొని, ఆటో మాట్లాడుకొని బస్టాండ్‌కు ఉరికిండు. బయల్దేరే బస్సు ఎక్కి, సీట్ల మీదికెళ్లి చూసుకుంట ఆ పిలగాన్ని దొరకబట్టి, కంట్రోలర్ మల్ల తెచ్చిండు. చెమటకు అంగీ ఈపుకు అంటుకుంది. "తొక్కిపెడితే నిలిచినట్టు కాదే కోడలా," అన్నడు. నాలుగు మాటలు తిడితేనే బాగుండు అనిపిచ్చింది నాకు.

నిరుడు వానకాలంల మామ కుడిచెయ్యి వణుకుడు మొదలైంది. మొదలు తొడ కింద దాచుకుంటుండె. ఊకె కూసున్నప్పుడే ఎక్కువ వణుకుతుండె. డాక్టర్ మందులిచ్చిండు, పూర్తిగ తగ్గేది కాదన్నడు. అత్తమ్మ దుకాణం బంద్ చెయ్యమని మొత్తుకుంది. మామ ఇంటడా? స్టిక్కు మార్చాలంటే దాని సూది మొనల్లాంటి కాళ్ల అతుకు ఒక్కొక్కటి కరిగించి తియ్యాలె, మల్ల ఒక్కొక్కటి అతికియ్యాలె. బాగుచేసిచ్చినయి వాపస్ అచ్చుడు షురువైంది. అంతకుముందు మామ చేతిల పని ఎన్నడు వాపస్ రాలే.

ఒక పొద్దు మామ మంచి కంట్రోలర్ ఒకటి తగిలించి, దస్తీ మీద పెట్టలే, చేతులల్ల పట్టుకున్నడు. స్టిక్కుల మీద బొటనవేళ్లు ఊకె ఆనిచ్చిండు. "నా అద్దాలు మసకగున్నయి, సరిగ ఆనుతలేదు. చుక్క జరుగుతుందా చెప్పు. జరిగితే ఇగ నేను ఈ పని ముట్ట," అన్నడు. ఎడమ చుక్క నిలిచింది. కుడి చుక్క చలికి వణికినట్టు కొట్టుకుంటుంది. మామ ఎడమచేతితోని అద్దాలు తుడుసుకుంటుంటే, చాటుకు మౌస్ పట్టి ఆ సెట్టింగ్ పెంచిన. చుక్క ఆగింది. "జరుగుతలేదు మామా, మంచిగున్నది," అన్న.

మామ అద్దాలు పెట్టుకొని చూసిండు. చానసేపు చూసిండు. ఒడిల కంట్రోలర్ మీద కుడిచెయ్యి వణుకుతనే ఉంది, తెర మీద చుక్క మాత్రం కదుల్తలేదు. మెల్లగ నా మొకం దిక్కు తిరిగి నవ్విండు. "మల్ల తొక్కిపెట్టినవా?" అన్నడు. ఏడ్సుకుంట సెట్టింగ్ తీసేసిన. చుక్క మల్ల వణికింది. "ఇప్పుడు చెప్పు," అన్నడు. "జరుగుతుంది మామా," అన్న. అంత కష్టమైన మాట నా జిందగీల ఎవ్వలకు చెప్పలే.

"షాబాష్," అన్నడు. లేసి, తన కుర్చీ నా దిక్కు జరిపిండు. "ఇగ నువ్వు కూసో. అతికిచ్చుడు నీది, చూసుడు నాది. చూసే పనికి చేతులతోని ఏం పని?" అన్నడు. ఆనాటి సంది ఆఖరుదాంక గదే చేసిండు. నేను బాగుచేసి దస్తీ మీద పెట్టుడు, మామ చేతులు చంకలల్ల పెట్టుకొని చూసుడు. నా పనిల తప్పు దొరికితే చిన్నపిల్లగాని లెక్క సంబరపడుతుండె. "పో, మల్ల ఇప్పు!" అని కోప్పడేటోడు. ఆ కోపం కోసమైనా ఒక్కోసారి తప్పు చేద్దామనిపిచ్చేది. ఇప్పుడు నేను చేసిన పనికి వంక పెట్టేటోళ్లు లేరు. ఆ చూసుడు కూడ నేనే చూసుకుంటున్న. మామ ఉంటే ఇంకింత పట్టి చూసేటోడు గదా అని రోజు అనుకుంట.

ఆ మంగళారం నేను ఇంటికి చేరేసరికే మామను చాప మీద పండబెట్టిండ్రు. అత్తమ్మ కాళ్లకాడ కూసుంది. నేను కుడిదిక్కు కూసున్న. మామ కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. నిద్రల తప్ప ఏడాది సంది ఆ చెయ్యి ఒక్క గడియ ఊకుండంగ నేను చూడలే. ఇప్పుడు ఎంత నిమ్మలంగ ఉందో!

పక్కింటోళ్లు చాయ్ తెచ్చి చేతుల పెట్టిండ్రు. రోజుకు పదిసార్లు, చుక్క జరగొద్దు జరగొద్దు అని చూసే పని మాది. ఆనాడు మాత్రం ఆ చెయ్యి దిక్కే చూసుకుంట, ఒక్కసారి జరుగు మామా, ఒక్కసారి, అనుకున్న. చాయ్ చల్లారింది. తాగుడయ్యింది. చెయ్యి జరగలే.